ప్రొఫెసరు గారి కాగితాల్లో ఎవరి శ్రమ ఉంది?

(స్త్రీల హక్కుల కోసం పనిచేసే కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాత కాగితాలు దాచుకోవడం గురించి మాట్లాడతాననగానే మీలో కొందరికి ఇది యూనివర్సిటీల్లో పరిశోధన చేసుకునేవాళ్ళ సంగతి కదా, మన పనితో దీనికేం సంబంధం అనిపించి ఉంటుంది. ఊళ్ళు తిరిగేవాళ్ళకి, కేసులు చూసేవాళ్ళకి, సంఘాల లెక్కలు రాసేవాళ్ళకి ఇవన్నీ వినే తీరిక ఎక్కడుంది? కానీ ఒక్కసారి ఆలోచించండి. మన దగ్గరకు వచ్చే ప్రతి స్త్రీనీ ఆఫీసుల్లో, కోర్టుల్లో, పోలీసు స్టేషన్లలో అడిగే మొదటి ప్రశ్న ఏమిటి? "కాగితం ఉందా?" పెళ్ళయిందనడానికి కాగితం కావాలి. ఆ ఇంట్లో కాపురం చేసిందనడానికి కాగితం కావాలి. ఇరవై ఏళ్ళు ఆ పొలంలో నడుం వంచిందనడానికి కూడా కాగితం కావాలి. కాగితాలు ఎవరి పేర పుడతాయి, ఎవరి పేర మిగులుతాయి అన్నది హక్కులకు సంబంధించిన ప్రశ్నే.

దీన్ని ఒక్క ఉదాహరణతో వివరిస్తాను. అది మన ప్రాంతానిది కాదు. సుమారు రెండు వందల ఏళ్ళ నాటి అమెరికాలో ఒక భూగర్భశాస్త్ర ప్రొఫెసరు వ్యక్తిగత కాగితాల కథ. అంత దూరం ఎందుకు వెళ్ళానంటే, ఆ కాగితాలు చాలావరకు చెక్కుచెదరకుండా మిగిలాయి. అందువల్ల ఒక ఇంట్లో ఎవరు ఏ పని చేశారు, అందులో ఏది ఎవరి పేర నిలిచింది అన్నది అక్కడ స్పష్టంగా చూడగలం.

ఎవరీ ప్రొఫెసరు?

ఎడ్వర్డ్ హిచ్‌కాక్ 1793 లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని డీర్‌ఫీల్డ్ అనే ఊళ్ళో పుట్టాడు. చిన్నప్పుడు పెద్ద కాలేజీ చదువులు చదివే వీలు కలగలేదు. యువకుడిగా ఆ ఊరి అకాడమీకే ప్రధానోపాధ్యాయుడయ్యాడు. తర్వాత కాన్వే అనే ఊళ్ళో చర్చి పాస్టరుగా ఉన్నాడు. 1825 లో ఆమ్‌హెర్స్ట్ కాలేజీలో రసాయన, ప్రకృతి శాస్త్రాల ప్రొఫెసరుగా చేరాడు. 1845 నుంచి 1854 దాకా ఆ కాలేజీకి అధ్యక్షుడు. 1864 లో చనిపోయేదాకా అక్కడే భూగర్భశాస్త్రం బోధించాడు.

1830 లో మసాచుసెట్స్ ప్రభుత్వం రాష్ట్రంలోని రాళ్ళు, ఖనిజాలు, నేలల సర్వే పనిని ఆయనకు అప్పగించింది. ఆ సర్వే నివేదిక 1833 లోనూ, తుది నివేదిక 1841 లోనూ వెలువడ్డాయి. ఆయన రాసిన భూగర్భశాస్త్ర పాఠ్యపుస్తకం ఎన్నోసార్లు పునర్ముద్రణ పొందింది. కనెక్టికట్ నదీలోయలోని ఎర్ర ఇసుకరాళ్ళ మీద మూడు వేళ్ళ పాదముద్రలు కనిపించినప్పుడు, వాటిని శాస్త్రీయంగా వర్ణించి 1836 లో వ్యాసం రాసింది కూడా ఆయనే. అవి పెద్ద పెద్ద పక్షుల అడుగులని ఆయన అనుకున్నాడు. డైనోసార్ అన్న పేరు అప్పటికింకా పుట్టలేదు. ఆ అడుగులు డైనోసార్లవని ఈనాడు మనకు తెలుసు.

ఇలాంటి మనిషి కాగితాలు పోగుపడడంలో ఆశ్చర్యం లేదు. ఉపన్యాసాల నోట్సులు, చర్చిలో చేసిన ప్రసంగాలు, సాటి శాస్త్రవేత్తలతో నడిచిన ఉత్తరాలు, రాతప్రతులు, ఇంటి కాగితాలు, అన్నీ ఆమ్‌హెర్స్ట్ కాలేజీ భాండాగారంలో ఉన్నాయి. ప్రొఫెసరు ఉద్యోగం, అధ్యక్ష పదవి, ప్రభుత్వ సర్వే, అచ్చయిన పుస్తకం, ఇవన్నీ కాగితాన్ని పుట్టిస్తాయి. పుట్టిన కాగితాన్ని దాచడానికి ఒక సంస్థ ఉంటుంది. దాచినదాన్ని పెట్టెల్లో, ఫైళ్ళలో సర్ది జాబితా రాయడానికి ఒక ఉద్యోగి ఉంటారు. చరిత్ర రాసేవాళ్ళు ముందుగా చూసేది ఆ జాబితానే.

ఆ కాగితాల్లో ఆమె

ఇప్పుడు ఆ పెట్టెలు తెరుద్దాం. ఉత్తరాలూ ఉపన్యాసాలతో పాటు బట్ట మీద సిరాతో గీసిన పెద్ద పెద్ద బొమ్మలు సుమారు అరవై బయటపడతాయి. భూమి పొరలను నిలువుగా కోసినట్టు చూపే పటాలు, అగ్నిపర్వతాలు, ఎప్పుడో అంతరించిపోయిన జంతువుల అస్థిపంజరాలు, సముద్ర జీవులు. వెనక వరసలో కూర్చున్న విద్యార్థికి కూడా కనబడేలా, గోడకు తగిలించి పాఠం చెప్పడానికి వీలుగా గీసినవి. ఫోటోలు, ప్రొజెక్టర్లు లేని రోజులవి. పాఠం అర్థం కావాలంటే ఎవరో ఒకరు గీసి చూపించాలి.

వాటిని గీసింది ప్రొఫెసరు కాదు. ఆయన భార్య ఒర్రా వైట్ హిచ్‌కాక్.

ఒర్రా 1796 మార్చి 8న ఆమ్‌హెర్స్ట్‌లో ఒక కలిగిన రైతు కుటుంబంలో పుట్టింది. ఆ తేదీ మనకు ఇంకోరకంగా పరిచయమే. పెళ్ళికి ముందే ఆమె ఉపాధ్యాయురాలు. 1813 నుంచి 1818 దాకా డీర్‌ఫీల్డ్ అకాడమీలో ఆడపిల్లలకు ప్రకృతి శాస్త్రాలూ చిత్రలేఖనమూ నేర్పింది. ఆయనతో పరిచయం అక్కడే. ఆ ప్రాంతపు మొక్కలను వందకు పైగా నీటిరంగుల్లో చిత్రించి ఒక పుస్తకంగా కూర్చింది. పెళ్ళి జరిగిన 1821 లోనే పుట్టగొడుగులను పరిశీలించి చిన్న చిన్న బొమ్మలుగా వేసిన మరో పుస్తకం ఉంది. అది ఇప్పుడు స్మిత్ కాలేజీలో భద్రంగా ఉంది. బొమ్మ అందంగా ఉంటే చాలదు, మొక్క జాతిని గుర్తుపట్టేలా ఉండాలి. ఆకు అంచు, కాండం మీది నూగు, టోపీ కింది మడతలు కచ్చితంగా రావాలి. ఇలా గీయడానికి చెయ్యి తిరిగి ఉండాలి, శాస్త్రమూ తెలిసి ఉండాలి.

పెళ్ళి తర్వాత ఆమె గీసిన బొమ్మలన్నీ దాదాపుగా భర్త పనిలోకి వెళ్ళాయి. మసాచుసెట్స్ సర్వే నివేదికల్లోని కొండలు, నదీలోయలు, రాతి పొరల దృశ్యాలు ఆమె గీసినవే. ఆయన పుస్తకాలకూ వ్యాసాలకూ ఆమె గీసిన ప్లేట్లు రెండు వందలకు పైగా, చెక్క అచ్చు బొమ్మలు వెయ్యి దాకా ఉంటాయని ఆమె మీద పనిచేసిన పరిశోధకులు లెక్క చెప్పారు. అచ్చయిన ప్లేట్ల కింద "మిసెస్ హిచ్‌కాక్" అన్న సంతకం కనిపిస్తుంది. పేరు ఉంది కదా అంటారేమో. అది ఆమె పేరు కాదు, ఆయన ఇంటి పేరు. వందేళ్ళ తర్వాత పుస్తకం తెరిచిన పాఠకుడికి ఆ మిసెస్ ఎవరో, ఆమె అప్పటికే పదేళ్ళకు పైగా శాస్త్రం బొమ్మలు గీస్తున్న మనిషో కాదో తెలిసే దారి అందులో లేదు.

ఈ బొమ్మలు ఎప్పుడు గీసిందో కూడా చూడాలి. ఆమెకు ఎనిమిది మంది పిల్లలు పుట్టారు, ఆరుగురు పెరిగి పెద్దయ్యారు. కాలేజీ బొమ్మలు, సర్వే బొమ్మలు చాలావరకు 1828 తర్వాతి పదీ పదిహేనేళ్ళలోనివి. అంటే కాన్పులు, పాలు తాగే పిల్లలు, జ్వరాలు ఉన్న కాలంలోవే. భర్త తరచు జబ్బుపడే మనిషి. అజీర్తి రాకుండా ఏం తినాలి, ఎంత తినాలి అని 1830 లో ఏకంగా ఒక పుస్తకమే అచ్చు వేశాడు. అన్ని పథ్యాలున్న ఇంట్లో వంట ఎలా నడిచి ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు. కాలేజీ అధ్యక్షుడి ఇల్లు కనుక వచ్చేపోయేవాళ్ళ మర్యాదలు కూడా ఉండేవి.

ఆ ఇంటికి వచ్చి ఉన్నవాళ్ళలో మేరీ లయన్ ఒకరు. కాన్వేలో ఉన్నప్పుడే ఆమె హిచ్‌కాక్ దంపతుల దగ్గర శాస్త్రమూ చిత్రలేఖనమూ నేర్చుకుంది. తర్వాత 1830ల మధ్యలో, ఆడపిల్లలకు ఉన్నత విద్యాసంస్థ పెట్టాలని ఊరూరా తిరిగి చందాలు పోగుచేస్తూ వాళ్ళింట్లోనే ఉంది. 1837 లో సౌత్ హాడ్లీలో మౌంట్ హోలియోక్ సెమినరీ తెరుచుకుంది. ఇప్పుడది పేరున్న స్త్రీల కాలేజీ. ఒర్రా గీసిన పటాలు గోడలకు వేలాడిన ఆమ్‌హెర్స్ట్ కాలేజీ మాత్రం ఆడపిల్లలను విద్యార్థులుగా చేర్చుకున్నది 1975 లో. ఆమె చనిపోయింది 1863 లో. మధ్యలో గడిచిన కాలం 112 ఏళ్ళు.

కృతజ్ఞత వేరు, హక్కు వేరు

ఇక్కడ ఎవరైనా ఒక మాట అడగవచ్చు. ఇందులో అన్యాయం ఏముంది? ఆమె ఇష్టపడే గీసింది. భర్త ఆమెను హింసించలేదు, చిన్నచూపు చూడలేదు. పైగా 1851 లో వచ్చిన తన ముఖ్యమైన పుస్తకం, మతానికీ భూగర్భశాస్త్రానికీ ఉన్న సంబంధం గురించి రాసినది, ఆమెకే అంకితం ఇచ్చాడు. ఆమె శ్రమ లేకపోతే తనకు శాస్త్రపు పని చేసే వెసులుబాటే ఉండేది కాదన్న అర్థం వచ్చేలా అందులో రాశాడు. ఆ రోజుల్లో అలా అచ్చులో ఒప్పుకున్న మగవాళ్ళు ఎందరు?

ఇవన్నీ నిజమే. ఎడ్వర్డ్ హిచ్‌కాక్‌ను దుర్మార్గుడిగా చూపించడం నా ఉద్దేశం కాదు. ఆయన మంచివాడు కావడమే ఈ ఉదాహరణను మనకు పనికొచ్చేలా చేస్తోంది. ఆయన చెడ్డవాడైతే తప్పంతా ఒక మనిషి మీదికి తోసేసి ఊరుకుంటాం. భర్త మంచివాడు, భార్యకు చదువుంది, ప్రతిభ ఉంది, ఇద్దరి మధ్య గౌరవం ఉంది. అయినా ప్రొఫెసరు పదవి, రాష్ట్ర సర్వే బాధ్యత, పుస్తకం మీది పేరు అన్నీ ఒకరివే ఎందుకయ్యాయి?

చట్టం వైపు చూస్తే కొంత జవాబు దొరుకుతుంది. వాళ్ళ పెళ్ళి నాటికి ఇంగ్లండు నుంచి వచ్చిన న్యాయసూత్రమే అక్కడా నడిచేది. దాని ప్రకారం పెళ్ళితో స్త్రీ చట్టపరమైన ఉనికి భర్త ఉనికిలో కలిసిపోతుంది. ఆమె సంపాదన ఆయనది, ఆమె శ్రమ మీద హక్కు ఆయనది. పెళ్ళయిన స్త్రీకి తన ఆస్తి మీద, తన సంపాదన మీద విస్తృతమైన హక్కు ఇస్తూ మసాచుసెట్స్ చట్టం చేసింది 1855 లో. అప్పటికి ఒర్రాకు 59 ఏళ్ళు. అంటే ఆమె గీయగలిగిన కాలమంతా, ఒకవేళ ఎవరైనా ఆ బొమ్మలకు డబ్బు ఇచ్చినా అది చట్టం దృష్టిలో భర్త సొమ్మే అయ్యేది.

కృతజ్ఞత ఇచ్చేవాడి మంచితనం మీద ఆధారపడుతుంది. ఇవ్వకపోతే అడగడానికి లేదు. హక్కు అలా కాదు, ఎదుటివాడు మంచివాడైనా కాకపోయినా అది ఉంటుంది. "మా ఆవిడ లేకపోతే నేను లేను" అనే మాట మనం పెళ్ళిళ్ళలో, సన్మాన సభల్లో ఎన్నిసార్లు వినలేదు? ఆ మాట నిజాయితీగానే అంటారు. అదే మనిషి ఇంటి స్థలం రిజిస్ట్రేషన్ దగ్గర ఆమె పేరు రాయించాడా అన్నది వేరే ప్రశ్న. అంకితం పుస్తకంలో మొదటి పేజీలో ఉంటుంది. పేరు పుస్తకం అట్ట మీద ఉంటుంది. గ్రంథాలయం జాబితాలోకి ఎక్కేది అట్ట మీది పేరు.

ఇంకా ఎవరెవరు లేరు?

అయితే ఒర్రా ఒక్కతే మరుగున పడిందనుకుంటే మన చూపు సగమే అవుతుంది. పాదముద్రల సంగతి మళ్ళీ చూడండి. 1802 లోనే ప్లినీ మూడీ అనే రైతు కుర్రాడు సౌత్ హాడ్లీలో అలాంటి రాయి కనిపెట్టాడు. 1835 లో గ్రీన్‌ఫీల్డ్ పట్టణంలో కాలిబాటకు పరవడానికి తెచ్చిన పలకల మీద పాదముద్రలు పనివాళ్ళ కంట పడ్డాయి. జేమ్స్ డీన్ అనే డాక్టరు వాటి గురించి హిచ్‌కాక్‌కు ఉత్తరం రాశాడు. కనిపెట్టిన ఘనత ఎవరిదని ఆ తర్వాత డాక్టరుకూ ప్రొఫెసరుకూ మధ్య పెద్ద వివాదం నడిచింది. డెక్స్టర్ మార్ష్ అనే కూలిమనిషి మాత్రం ఆ రాళ్ళ కోసం నదీతీరాలు గాలించి, తన ఇంటి దగ్గరే ఒక సేకరణ పెట్టుకున్నాడు. 1853 లో అతను చనిపోయాక ఆ రాళ్ళు వేలానికి వచ్చాయి. చదువుకున్న ఇద్దరి తగవు పత్రికల్లోకి ఎక్కింది. రాయి ఎత్తిన చేతుల గురించి వెతుక్కోవాలి.

ఒర్రా విషయంలో కూడా ఇది గుర్తుంచుకోవాలి. ఆమె తెల్లజాతి స్త్రీ, ఉన్న కుటుంబంలో పుట్టింది, చదువుకుంది, కాలేజీ అధ్యక్షుడి భార్య అయింది. కాబట్టే ఆమె గీసిన బట్ట చిరిగి గుడ్డపీలికలు కాకుండా భాండాగారానికి చేరింది. ఆ లోయలో అంతకు ముందు పొకంటక్ అనే మూలవాసుల ఊళ్ళుండేవి. వాళ్ళ స్త్రీలు పండించిన నేల గురించీ, వాళ్ళకు తెలిసిన మొక్కల గురించీ ప్రొఫెసరు కాగితాలలాంటి పెట్టె ఏదీ మిగల్లేదు. పితృస్వామ్యం గురించి మాట్లాడేటప్పుడు వర్గం, జాతి, మన దగ్గరైతే కులం, వీటిని పక్కన పెడితే మనం కూడా కొందరి పేర్లు తుడిచేసినవాళ్ళం అవుతాం.

జీతం ఉన్నచోట కాగితం ఉంటుంది

ఒర్రా తర్వాత రెండు తరాలకు వద్దాం. ఫ్లోరెన్స్ బాస్కమ్ 1862 లో అదే మసాచుసెట్స్‌లో పుట్టింది. జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం చదివేటప్పుడు, మగ విద్యార్థుల దృష్టి చెదురుతుందని ఆమెను తరగతిలో తెర చాటున కూర్చోబెట్టారు. 1893 లో డాక్టరేటు తీసుకుంది. 1895 లో బ్రిన్ మార్ అనే స్త్రీల కాలేజీలో చేరి భూగర్భశాస్త్ర విభాగాన్ని నిలబెట్టింది. 1896 లో అమెరికా ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ ఆమెను నియమించింది. ఆ సంస్థ శాస్త్రవేత్తగా తీసుకున్న మొదటి స్త్రీ ఆమె. 1928 లో పదవీ విరమణ చేసేదాకా ఒక తరం స్త్రీ శాస్త్రవేత్తలను తయారుచేసింది.

ఆమె కాగితాలు ఇప్పుడు స్మిత్ కాలేజీలోని సోఫియా స్మిత్ సేకరణలో, ఆమె పేరుతోనే ఉన్నాయి. ఎవరి భార్యగానో కాదు. తేడా ఎక్కడుంది? ప్రతిభలో లేదు. బాస్కమ్‌కు ఉద్యోగం ఉంది, జీతం ఉంది, సర్వే మ్యాపుల మీద పేరు ఉంది. ఉద్యోగం చేస్తే నియామక పత్రం, నివేదిక, జీతం రసీదు, ఉత్తర ప్రత్యుత్తరాలు వాటంతటవే పుడతాయి. ఇంటి లోపల చేసిన పనికి ఇవేవీ ఉండవు. అది ఇంకొకరి పేరున్న కాగితంలో కలిసిపోతుంది.

అలాగని ఉద్యోగాలు రాగానే కథ సుఖాంతమైందని అనుకోకండి. బాస్కమ్ దగ్గర చదివిన ఎలినోరా బ్లిస్ నాఫ్ సంగతి చూడండి. ఆమె స్వయంగా ప్రభుత్వ సర్వేలో భూగర్భ శాస్త్రవేత్త. భర్త యేల్ యూనివర్సిటీలో ప్రొఫెసరు. యేల్ స్త్రీలను ప్రొఫెసర్లుగా తీసుకునేది కాదు. అందుకని ఆమె భర్త ఆఫీసు గదిలో కూర్చుని తన సర్వే పని చేసుకునేది. ఒర్రా నుంచి ఎలినోరా దాకా వంద ఏళ్ళు గడిచినా భార్య శాస్త్రానికి భర్త గదే చోటయింది.

రెండో తేడా ఏమిటంటే, ఎవరో పట్టుబట్టి ఆ కాగితాలు దాచారు. సోఫియా స్మిత్ సేకరణను 1942 లో స్త్రీల చరిత్ర కోసమని ప్రత్యేకంగా మొదలుపెట్టారు. అంతకు ముందు 1935 లో చరిత్రకారిణి మేరీ బియర్డ్, మరికొందరు స్త్రీలు కలిసి ప్రపంచ స్త్రీల పత్రాల కేంద్రం ఒకటి పెట్టడానికి పూనుకున్నారు. డబ్బు చాలక, లోపల తగాదాలతో 1940 లో అది మూతపడింది. కానీ ఆ ప్రయత్నం వృథా కాలేదు. పత్రాలు లేకపోతే చరిత్ర లేదన్న ఆలోచనను అది కాలేజీల్లో నాటింది. 1943 లో రాడ్‌క్లిఫ్ కాలేజీలో స్త్రీల పత్రాల గ్రంథాలయం మొదలైంది. ఓటుహక్కు ఉద్యమంలో పనిచేసిన మాడ్ వుడ్ పార్క్ తన దగ్గరున్న ఉద్యమ కాగితాలన్నీ దానికి ఇచ్చింది. అంటే కార్యకర్తలే మొదలుపెట్టారు.

ఒర్రా వైపు చూపు మళ్ళడానికి మాత్రం ఇంకా చాలా కాలం పట్టింది. ఆమె 1847 లో, 1850 లో భర్తతో చేసిన ప్రయాణాల గురించి డైరీలు రాసుకుంది. కళాచరిత్రకారుడు రాబర్ట్ హెర్బర్ట్ వాటిని 2008 లో పుస్తకంగా తెచ్చాడు. 2011 లో ఆమ్‌హెర్స్ట్ కాలేజీలో ఆమె బొమ్మల ప్రదర్శన జరిగింది. దాన్ని హెర్బర్ట్‌తో కలిసి తయారుచేసినది డేరియా డరియెంజో, పత్రాల భద్రత పని తెలిసిన ఆర్కివిస్టు. 2018 లో న్యూయార్క్‌లోని అమెరికన్ ఫోక్ ఆర్ట్ మ్యూజియంలో పెద్ద ప్రదర్శన పెట్టారు. ఇవాళ ఆమ్‌హెర్స్ట్ కాలేజీలో ఆ సేకరణ పేరు "ఎడ్వర్డ్, ఒర్రా వైట్ హిచ్‌కాక్ పత్రాలు". ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఆ పేజీలు, ఆ బట్టలు అన్నీ పాతవే. వాటిని చదివినవాళ్ళు అడిగిన ప్రశ్నలు కొత్తవి.

మన ముందున్న పని

ఇప్పుడు మన సంగతికి వద్దాం. ఏ ఫైలు చేతికొచ్చినా మనం అడగవలసిన ప్రశ్నలు నాలుగున్నాయి. ఈ కాగితం ఎవరి పేర ఉంది? ఇందులో చెప్పిన పని నిజానికి ఎవరు చేశారు? చేసినవాళ్ళ పేరు ఎక్కడైనా ఉందా, ఉంటే సొంత పేరా, ఫలానావారి భార్య అనా? ఈ కాగితంలో అసలే కనబడని మనిషి ఎవరు?

ఈ ప్రశ్నలతో పట్టాదారు పాసు పుస్తకం చూడండి. నాటు వేసిందీ, కలుపు తీసిందీ, కోత కోసిందీ ఎక్కువగా ఆడవాళ్ళే అయినా పుస్తకం మీద పేరు మగవాడిది. అప్పుల బాధతో ఆమె ప్రాణం తీసుకుంటే, పాసు పుస్తకం లేదు కనుక అది రైతు ఆత్మహత్య కాదంటారు. జనాభా లెక్కలు చూడండి. ఇంటి పని మాత్రమే చేసే స్త్రీని పని చేయనివాళ్ళ గడిలో వేస్తారు. పొలంలో, ఇంటి వృత్తిలో జీతం లేకుండా చేసే పని కూడా పనే అని ఎన్యూమరేటరు అడిగే ప్రశ్నలోనే స్పష్టంగా చేర్చింది 1991 జనాభా లెక్కల్లో. స్త్రీల పని లెక్కలోకి రావడం లేదని ఏళ్ళ తరబడి పరిశోధకులూ స్త్రీల సంఘాలూ అడిగిన తర్వాతే ఆ మార్పు వచ్చింది. చేనేత ఇంట్లో కండెలు చుట్టే చెయ్యి, కుమ్మరి ఇంట్లో మట్టి తొక్కే కాలు, ఒర్రా బొమ్మల లాగానే ఇంకొకరి పేరు మీద బజారుకు వెళ్తాయి.

అయితే మనకు ఒక అవకాశం ఉంది. ఒర్రాను ఇప్పుడు ఎవరూ అడగలేరు. ఆమె డైరీలో రాసినంతవరకే తెలుసు, రాయనిది పోయింది. మన చుట్టూ ఉన్న స్త్రీలను మనం అడగగలం. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన స్త్రీల గురించి పార్టీ కాగితాల్లో దొరికింది తక్కువ. స్త్రీశక్తి సంఘటన మిత్రులు ఆ స్త్రీల దగ్గరకు వెళ్ళి, కూర్చుని, వాళ్ళ మాటలు టేపుల్లో ఎక్కించి 1986 లో "మనకు తెలియని మన చరిత్ర" తెచ్చారు. అన్నం వండిపెట్టడం, ఉత్తరాలు చేరవేయడం, పిల్లల్ని వదిలి అడవికి పోవడం కూడా పోరాటమేనని ఆ మాటల వల్లే తెలిసింది. 1988 లో ముంబాయిలో స్త్రీల పత్రాలు, ఫోటోలు, గొంతులు దాచడానికి స్పారో అనే సంస్థ మొదలైంది. దారి ఎవరో వేసే ఉన్నారు.

మన సంఘాల పరిస్థితి మాత్రం ఎలా ఉంది? సారా వ్యతిరేక ఉద్యమంలో ఊరూరా వేసిన కరపత్రాలు మీలో ఎందరి దగ్గర మిగిలాయి? ఫోటోల వెనక పేర్లు రాశామా? ఊరేగింపు ముందు వరసలో ఉన్నవాళ్ళ పేర్లు పత్రికల్లో వచ్చాయి, ఆ రోజు వాళ్ళ పిల్లల్ని చూసుకున్నదెవరు? ప్రాజెక్టు రిపోర్టుల మీద సంస్థ డైరెక్టరు పేరుంటుంది. ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి సమాచారం తెచ్చిన కార్యకర్త పేరు లోపల ఎక్కడైనా ఉంటుందా? ఈ ప్రశ్న మనల్ని మనం వేసుకోకుండా అమెరికా ప్రొఫెసరుని విమర్శించడం సులువు.

కాబట్టి చేయగలిగిన పనులు కొన్ని చెప్తాను. ఇవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. మీటింగు మినిట్సులో హాజరైన ప్రతి మనిషి పేరూ, ఊరూ పూర్తిగా రాయండి. "తదితరులు" అన్న మాట వాడకండి. ఫోటో వెనక ఆ రోజే తేదీ, ఊరు, పేర్లు రాయండి. రిపోర్టు రాసినవాళ్ళతో పాటు సమాచారం తెచ్చినవాళ్ళ పేర్లు మొదటి పేజీలో వేయండి. ఎవరినైనా "ఫలానావారి భార్య" అని రాయవలసి వస్తే ముందు ఆమె సొంత పేరు రాయండి. పాత రిజిస్టర్లు, కరపత్రాలు చెదలు పట్టకుండా ఎత్తుగా ఒక బీరువాలో పెట్టి, పైన జాబితా అంటించండి. వయసు మీదపడుతున్న కార్యకర్తల మాటలు ఈ సంవత్సరమే రికార్డు చేయండి. కేసుల కాగితాలు మాత్రం వేరుగా, తాళం వేసి ఉంచండి. ఒక స్త్రీ చెప్పుకున్న కష్టం ఆమె అనుమతి లేకుండా ఎవరి కంటా పడకూడదు. చరిత్రలో కనిపించడం ఎంత హక్కో, తన సంగతి బయటపెట్టకుండా ఉండడం కూడా అంతే హక్కు.

ఇక్కడి నుంచి వెళ్ళాక మీ ఆఫీసులో ఉన్న అన్నిటికంటే పాత రిజిస్టరు బయటికి తీయండి. మొదటి పేజీలో ఉన్న పేర్లు చదవండి. వాళ్ళలో ఎవరు ఇప్పుడెక్కడున్నారో మీకు తెలుసో లేదో చూసుకోండి. తెలియకపోతే వచ్చే సమావేశం లోపల కనుక్కుని రాసుకు రండి. ఆ కాగితాలతోనే మన తర్వాతి చర్చ మొదలుపెడదాం.